ఆయప్ప చెప్పిన మూడు పుస్తకాలు

ఆ ఉదయం హిందూపురంలో ఆ ఇంటి ముందు ఉన్నవాళ్ళు: ఆయన భార్య, మడకశిర నుంచి వచ్చిన ఆమె అన్న, వేబ్రిడ్జి యజమాని, ఇద్దరు లారీ డ్రైవర్లు, మా జిమ్ నుంచి నలుగురు, నేను. ఉన్న వస్తువులు: అద్దెకు తెచ్చిన నీలం కుర్చీలు, ఒక షామియానా, గుమ్మం పక్కన పొగ వస్తున్న పిడకలు, కిటికీ గూట్లో వరసగా పుస్తకాలు. పుస్తకాలన్నిటికీ పాత దినపత్రికల అట్టలు. ఆయన బరువు ఎత్తగా చూసినవాళ్ళు మాత్రం ఆ గుంపులో ఒక్కరూ లేరు. ఆయన భార్యను తప్ప అందరినీ అడిగాను.

చావింటి ముందు అడగాల్సిన ప్రశ్న కాదని తెలుసు. జిమ్ నడిపే అతను మాత్రం సంతోషంగానే జవాబిచ్చాడు. "కండల మీద అన్ని పుస్తకాలు సదివినాడు. రాత్రి పండుకున్నోడు తెల్లారి లేయల్యా. ఏం లాభం సెప్పన్నా," అన్నాడు. అతను కండలు పెంచే పొడి డబ్బాలు అమ్ముతాడు. కాబట్టి ఆ మాటను నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒక మాట విన్నప్పుడు చెప్పినవాడు ఏం అమ్ముతాడో ముందు చూడడం చనిపోయిన మనిషి అలవాటు. అది నాకూ అంటింది.

ఆయన పేరు రాయను. జిమ్‌లో అందరూ పుస్తకాలాయప్ప, అంటే పుస్తకాల ఆయన, అనేవాళ్ళు. అరవై దాటిన మనిషి, సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. ఏ కాలంలోనైనా పొడుగు చేతుల చొక్కా, మణికట్ల దాకా గుండీలు. ఆ చేతుల్లో కండ ఉందో లేదో చూద్దామన్నా వీలుండేది కాదు. మార్కెట్ యార్డుకు పోయే దారిలో వేబ్రిడ్జి మీద తూకం వేయడం ఆయన ఉద్యోగం. ఖాళీ లారీ తూకానికీ, చింతపండుతో నిండిన లారీ తూకానికీ మధ్య మనుషులు చేయగలిగిన మోసాలన్నీ ఆయనకు తెలుసు. తడిపిన గోనెసంచులు, సంచుల కింద రాళ్ళు, క్యాబిన్‌లో దుప్పటి కప్పుకొని పడుకున్న క్లీనర్. లారీ తూకం మీదికి ఎక్కగానే ఆయన ముందు అంకె చూసేవాడు కాదు, క్యాబిన్ చూసేవాడు.

నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన జిమ్‌లో ఒక మూల గొంతుక్కూర్చుని ఉన్నాడు. పట్టుకొని వేలాడే చిన్-అప్ కడ్డీకి కొక్కెం తగిలించి, దానికి కాటా వేలాడదీసి, ఇనుప ప్లేట్లను ఒక్కొక్కటే తూకం వేస్తున్నాడు. ఇరవై కిలోలని పోతపోసిన ప్లేటు మీద సుద్దతో పద్దెనిమిదిన్నర అని రాశాడు. దాని జతది పంతొమ్మిదీ చిల్లర. జిమ్ అతను వచ్చి అవి కంపెనీ ప్లేట్లనీ, కంపెనీలో తూకం వేసే పంపుతారనీ చెప్పాడు.

"కంపెనీ తూకం కంపెనీలో," అన్నాడు ఆయన, తల ఎత్తకుండా. "ఈడ ఈడిదే."

జిమ్ అతను రోజూ సుద్ద తుడిపించేవాడు. ఆయన మళ్ళీ రాసేవాడు. ఇద్దరిలో ఎవరూ ఈ సంగతి మాట్లాడుకునేవాళ్ళు కాదు. నేను హిందూపురంలో గది తీసుకొని ఉంటూ, పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో నాణ్యత తనిఖీ విభాగంలో పని చేస్తాను. కొలత సరిచూడని వస్తువును ముట్టుకోవడం నాకూ ఇష్టం ఉండదు. కాబట్టి ఆయన చేసింది నాకు నచ్చింది. కానీ అదే రోజు ఒకటి గమనించాను. ప్లేట్లన్నీ తూచి, సర్ది, చేతులు తుడుచుకొని, ఒక్క ప్లేటు కూడా కడ్డీకి తొడగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

నేను జిమ్‌కు పోయింది నా ఒంటి కోసం కాదు. మా నాయన నడుము కోసం. మాది ధర్మవరం. నాయన చిన్నప్పుడే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు, యాభై దాటేదాకా లేవలేదు. ఆ యేడు ఎండాకాలం నడుము నుంచి కాలి మడమ దాకా నొప్పి పట్టుకుంది. పుట్టపర్తిలో ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఫిలిం చూసి, ఇప్పుడే కోత అవసరం లేదన్నాడు. నడుము చుట్టూ కండ లేదన్నాడు. మగ్గం మానేయమన్నాడు. కండ పెరిగితే అప్పుడు చూద్దామని కూడా అన్నాడు గానీ, పెరగదని తేల్చుకున్న మనిషి గొంతుతో అన్నాడు.

బస్సులో నాయన అడిగాడు: "ఈ వయసులో కండ యాడ దొరుకుతాదిరా?"

హాస్యానికి అన్నాడనుకున్నాను. కాదు. నాయనకు మగ్గం తప్ప వేరే పని రాదు, రావాలని కోరికా లేదు. పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు అప్పటికే మా ఇంటికి పట్టు పంపడం ఆపేశాడు. మగ్గం ఖాళీగా ఉన్న ఇంట్లో నాయన ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మంలో నిలబడేవాడు. ఆయన మళ్ళీ మగ్గం గుంతలోకి దిగగలడా లేదా అన్నది ఒక్కటే ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రశ్న.

మా కంపెనీలో ప్రతి యంత్రానికీ ఒక పుస్తకం ఉంటుంది. ఏ మర ఎంత బిగించాలి, ఎప్పుడు ఆపాలి, అన్నీ అందులో ఉంటాయి. ఒంటికీ అలాంటిది ఉండే ఉంటుందని ఫోన్‌లో వెతికాను. బలం పెంచుకోవడానికి చదవాల్సిన పుస్తకాల జాబితాలు లెక్కలేనన్ని దొరికాయి. ప్రతి జాబితాలోనూ ప్రతి పుస్తకం కింద కొనమనే గుర్తు ఉంది. ఒక జాబితాలో మొదటి స్థానంలో ఉన్న పుస్తకం ఆ జాబితా రాసినవాడిదే. జిమ్ అతన్ని అడిగితే పుస్తకాలెందుకని పొడి డబ్బా చూపించాడు. అప్పుడే మూల నుంచి ఆయప్ప గొంతు వినిపించింది.

"ఏమప్పా ఇంజినీరు, ఎవురికి?"

నాయనకని చెప్పాను. ఆ తర్వాత ఆయన అడిగినన్ని ప్రశ్నలు డాక్టరు కూడా అడగలేదు. మగ్గం గుంత ఎంత లోతు, నాయన ఎడమ కాలు ముందు పెడతాడా కుడిదా, పొద్దున లేవగానే నొప్పా, సాయంత్రమా, చెప్పులు వేసుకోవడానికి వంగుతాడా లేక గోడ పట్టుకొని కాలితో వెతుకుతాడా. ఈయన ఇన్ని ఎందుకు అడుగుతున్నాడని నాకు అనుమానం వచ్చింది. ధర్మవరంలో నడుము నొప్పి వచ్చిన నేతగాళ్ళ చుట్టూ తైలాలు అమ్మేవాళ్ళూ, పట్టీలు అమ్మేవాళ్ళూ తిరుగుతుంటారు. వాళ్ళూ ఇలాగే ముందు శ్రద్ధగా వింటారు.

పుస్తకాల మీద ఆయన అనుమానాలకు మాత్రం ఒక పద్ధతి ఉండేది. ఏ పుస్తకాన్నైనా చివరి పేజీ నుంచి తెరిచేవాడు. అక్కడ డబ్బాల ప్రకటన కనిపిస్తే ఇక మూసేసేవాడు. తర్వాత రాసినవాడి ఫొటో వెతికేవాడు. రాసినవాడికి చొక్కా లేకపోతే పెదవి విరిచేవాడు. "సొక్కా ఇప్పినోడు పుస్తకం రాయల్యా. వాని ఒళ్ళు వాడు అమ్ముకుంటాండాడు," అనేవాడు. ఆయన గూట్లో పుస్తకాలకు దినపత్రిక అట్టలు ఎందుకని అడిగితే ఇదే కారణం చెప్పాడు. చొక్కా లేని బొమ్మ రోజూ కనిపిస్తే మనిషి పుస్తకం వదిలేసి బొమ్మను నమ్ముతాడట. ఆఖరి పరీక్ష, ఎప్పుడు ఆపాలో చెప్పే పేజీ ఉందా లేదా అన్నది. చాలా పుస్తకాలు ఇక్కడే పోయేవి. ఎన్ని వారాల్లో ఎంత కండ వస్తుందో అట్ట మీదే రాసిన పుస్తకాన్ని ఒకసారి కిలో లెక్కన అమ్మే పాత కాగితాల్లో వేయడం నేను కళ్ళారా చూశాను.

అన్ని పరీక్షలూ దాటి మిగిలినవి మూడు. అడిగినవాళ్ళకు ఆ మూడే చెప్పేవాడు.

మొదటిది అట్ట ఊడిపోయిన కన్నడ పుస్తకం. పాతకాలం గరడిలో, అంటే వ్యాయామశాలలో, బస్కీలు, దండాలు నేర్పిన ఒక గురువు రాసింది. కాగితం పట్టుకుంటే పొడి రాలేది. కన్నడం రాదంటే, నేర్చుకోమనేవాడు. రెండోది లావుపాటి పుస్తకం, ఒంట్లో ప్రతి కండకూ ఒక బొమ్మ. దాన్ని వరసగా చదవద్దనేవాడు. ఎక్కడ నొప్పి పుడితే అక్కడి పేజీ తీసి చూడమనేవాడు. మూడోది, అట్ట మీద బొమ్మ లేదు కాబట్టి దినపత్రిక వేయని ఎర్రట్టది. ఇంగ్లీషు. కడ్డీ ఎత్తడం, దించడం, అంతే. ప్రతి పేజీలో గీత బొమ్మలు, పక్కనే వరసల పట్టిక. ఈ పూట ఎంత బరువు, తర్వాతి పూట ఎంత. ఆ పట్టిక చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాకు అర్థమయ్యే పుస్తకం అది.

కానీ ఆయన వెంటనే ఇవ్వలేదు. ఆలోచించి చెప్తానన్నాడు. ఆ వేబ్రిడ్జి యజమానికి పెనుకొండ దగ్గర ఇంకొకటి ఉండేది. వారంలో కొన్ని రోజులు ఆయన అక్కడ కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తుంటే, కొండ కింద టీ కొట్టు దగ్గర నన్ను ఆపాడు. సంచిలోంచి ఎర్రట్ట పుస్తకం తీశాడు. ఇస్తున్నాడనుకొని చెయ్యి చాపాను. ఇవ్వలేదు.

"మీ నాయన మాట వింటాడా?" అన్నాడు.

"వింటాడు సార్."

"మగ్గం మనిషి మాట వినడు. పోగు మాట వింటాడు. నువ్వు సదివి సెప్తావా, ఆయప్పే సదువుతాడా?"

నాయనకు ఇంగ్లీషు రాదనీ, బొమ్మలు చూస్తాడనీ, నేను సెలవు రోజు చదివి చెబుతాననీ అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. అది లారీ క్యాబిన్‌లోకి చూసే చూపు. చివరికి పుస్తకం నా చేతిలో పెట్టి, అంచుల్లో పెన్సిల్‌తో రాసినవి కూడా చూసుకొమ్మన్నాడు. అవే ముఖ్యమన్నాడు.

నాకూ ఒకటి అడగాలనిపించింది. "మీరు ఎత్తరా సార్?"

"నేను తూకం ఏసేటోణ్ణి," అన్నాడు. టీ గ్లాసు కొట్టువాడికి ఇస్తూ అందులో నీళ్ళు ఎక్కువయ్యాయని చెప్పి వెళ్ళిపోయాడు.

రైల్లో ఇంటికి పోతూ పెన్సిల్ రాతలు చదివాను. అన్నీ తెలుగు అక్షరాలే, చిన్నవి, కాటా చీటీ మీద రాసినట్టు నిక్కచ్చిగా ఉన్నాయి. రాసినవాడితో ప్రతి పేజీలో తగాదా. ఒకచోట "అబద్ధం". ఒకచోట "వీనికి నడుము లేదా?" ఇంకోచోట "తూకం చూసుకో". పట్టిక ఉన్న ప్రతి పేజీలో మాత్రం ఐదో ఆరో వరస పక్కన ఒకే మాట: "సాకు".

అది కూడా రాసినవాడి మీద ఎత్తిపొడుపే అనుకున్నాను. ఈ మనిషికి దేని మీదా నమ్మకం లేదనుకున్నాను.

సిమెంటు పని చేసేవాళ్ళ దగ్గర ఒక ఇనుప కడ్డీ, జిమ్‌లో కొన్ని చిన్న ప్లేట్లు అడిగి తెచ్చాను. నేల మీద నుంచి ఎత్తకూడదని పుస్తకంలో ఉంది కాబట్టి రెండు వైపులా ఇటుకలు పేర్చి కడ్డీ మోకాలి ఎత్తులో పెట్టాను. నాయన మొదట నవ్వాడు. అమ్మ నవ్వలేదు. కూర్చుంటేనే నొప్పి అనే మనిషిని ఇనుము ఎత్తమనడం ఏ డాక్టరు చెప్పాడని అడిగింది. డాక్టరు కాదు, వేబ్రిడ్జిలో పని చేసే ఆయన చెప్పాడంటే మరీ కోపం వచ్చింది. పక్కింటి మగ్గం ఆగింది. గోడ మీది నుంచి ఒక తల లేచింది. "ఏమప్పా, పోలీసుల్లో సేరుతాండావా?" అని అడిగి కిందికి పోయింది. మళ్ళీ మగ్గం మొదలైంది.

నాయన నేర్చుకున్న తీరు వేరు. నడుము వంచకుండా తుంటి వెనక్కి నెట్టి వంగాలని నేను ఇంగ్లీషులోంచి ఎంత చెప్పినా అర్థం కాలేదు. బొమ్మను కాసేపు చూసి, "పిర్రతో వాకిలి తలుపు వెనక్కి తోసినట్లు," అన్నాడు, చేశాడు. సరిగ్గా చేశాడు. నెల తిరిగేసరికి గోడ పట్టుకోకుండా చెప్పులు వేసుకున్నాడు. ఈ సంగతి హిందూపురంలో చెబితే ఆయప్ప సంతోషించలేదు. ఏ చెప్పులు, మడమ వెనక పట్టీ ఉన్నవా లేనివా అని అడిగాడు.

నేను ఊళ్ళో లేని ఒక సాయంత్రం నాయన నేల మీద పడిపోయాడు. అమ్మ ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి చాప మీద పక్కకు తిరిగి పడుకొని ఉన్నాడు, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకొని. ఇటుకల పక్కన ఎర్రట్ట పుస్తకం తెరిచి ఉంది. ఏం చేశావని అడిగితే వేలుతో పేజీలో సాకు అన్న మాట చూపించాడు.

"ఐదో వరస కాడ ఆపితే సాకు అని రాసిండాడు. నేను సాకులు సెప్పేటోణ్ణా? ఆరూ, ఏడూ రెండూ ఎత్తినా."

నొప్పి మొదలైన కొత్తలో షావుకారు నాయనతో అన్నది ఆ మాటే. సాకులు చెప్పొద్దప్పా, చీర ఎప్పుడిస్తావు అని. నేసేవాళ్ళ ఇళ్ళల్లో దాన్ని మించిన తిట్టు లేదు. పేజీలో మిగిలినదంతా ఇంగ్లీషు. నాయన చదవగలిగిన ఒక్క మాట అది. దాన్ని తన మీదే రాశారనుకున్నాడు.

మర్నాడు నేను పుస్తకం తీసుకొని నేరుగా హిందూపురం వేబ్రిడ్జికి పోయాను. దారి పొడుగునా నా అనుమానాలన్నీ వరస పెట్టుకున్నాను. తను ఎత్తడు. ఎత్తమనే పుస్తకాలు ఇస్తాడు. ఇతరుల నొప్పి గురించి అన్నీ అడుగుతాడు, తన గురించి ఏదీ చెప్పడు. పైగా వయసు మళ్ళిన మనిషిని ఎగదోసే మాటలు రాస్తాడు. తూకం మీద చింతపండు లారీ ఉంది. అంకె నిలిచేదాకా ఆయన నా వైపు చూడలేదు. డ్రైవరు చీటీ కోసం కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేను పుస్తకం ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను.

"మీ సాకు సూసి మా నాయన పడిపోయినాడు సార్."

ఆయన పేజీ చూశాడు. నన్ను చూశాడు. "సాకు సూసి ఆపినాడా, ఎత్తినాడా?"

"ఎత్తినాడు. ఆరు, ఏడు వరసలు రెండూ."

"సాకు అని రాసింటే ఎత్తేది ఏంటికప్పా?"

"ఆపితే సాకు అని రాసినారు కదా. తప్పించుకునే మాట అని."

ఆయన పుస్తకం దగ్గరికి లాక్కొని ఆ మాటను మళ్ళీ చదివాడు. చీటీ కోసం నిలబడ్డ డ్రైవరే కల్పించుకున్నాడు.

"సాకంటే సాలు అని గదప్పా," అన్నాడు. "నీది యా ఊరు?"

"ధర్మవరం."

"అట్లయితే సరే," అన్నాడు డ్రైవరు, క్షమించినట్టు.

సాకు. కన్నడంలో చాలు. హిందూపురంలో టీ కొట్టుల్లో, హోటళ్ళలో, ఇంకొంచెం సాంబారు పోయబోతే అడ్డం పెట్టే చేతులతో పాటు రోజూ నేను విన్న మాట. తెలుగు అక్షరాల్లో రాసి ఉంటే నా చెవికి తెలిసిన మాటను నా కన్ను పోల్చుకోలేదు. ధర్మవరంలో కూడా చీరలు అమ్మేవాళ్ళకు ఆ మాట తెలుసు, బెంగళూరు బేరాల వల్ల. నేసేవాళ్ళకు తెలియదు. ఆయప్ప మడకశిర వైపు మనిషి. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష. తను ఏ మాట ఏ భాషలోంచి తీసి రాశాడో ఆయనకే తెలియదు. యాభై దాటినవాళ్ళు ఈ వరస దాటి పోకూడదని, పుస్తకం రాసినవాడు చెప్పని హద్దును ఆయన ప్రతి పట్టికలోనూ గీసి పెట్టాడు. మా నాయన దాన్ని దాటడానికి ఆ హద్దే కారణమైంది.

క్షమించమని ఆయన అనలేదు. డ్రైవరు వెళ్ళిపోయాక నన్నే అనుమానంగా చూసి, నిజంగా రెండు వరసలేనా, ఎక్కువ ఎత్తి తక్కువ చెబుతున్నాడా అని అడిగాడు.

ఆదివారం చెప్పకుండా ధర్మవరం వచ్చాడు. మా వీధిలో ఇల్లు ఎట్లా కనుక్కున్నాడో తెలియదు. చొక్కా గుండీలు మణికట్ల దాకా పెట్టుకొని, చేతిలో కాటాతో గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ నీళ్ళు ఇచ్చింది గానీ కూర్చోమనలేదు. ఆయన ముందు కడ్డీని తూచాడు. తర్వాత ఇటుకల ఎత్తు జానతో కొలిచాడు. తర్వాత మగ్గం గుంతలోకి తొంగి చూశాడు. అన్నీ అయ్యాక నాయన పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నొప్పి యాడన్నా?"

నాయన చెప్పాడు. ఆయన ఎంత అని అడగలేదు. ఎప్పుడూ అడగడు. ఎంత అన్నదాంట్లో అబద్ధం ఉంటుందనీ, ఎక్కడ అన్నదాంట్లో ఉండదనీ ఆయన నమ్మకం. తొడలో అంటే ఒక జవాబు, పిర్రలో అంటే ఒక జవాబు, నడుము మధ్య గీతలో అంటే కడ్డీ పక్కన పెట్టాల్సిందే.

"ఏడో వరస ఎత్తినావంట."

"ఎత్తినా."

"ఎనిమిది?"

అమ్మ వంటింటి గడప దగ్గర ఆగింది.

"ఎనిమిదోది కూడా పట్టినా," అన్నాడు నాయన చివరికి. "లేయల్యా."

ఆయప్ప నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఆయన మొహంలో సంతోషం నేను చూసింది అదొక్కసారే. నాయనకు కూడా నవ్వు వచ్చింది. నవ్వితే నడుము నొప్పి, అందుకని పళ్ళు బిగించి నవ్వాడు. ఆ తర్వాత నాయన కూడా ఒకటి అడిగాడు. అది నేను అడిగిందే.

"నువ్వెత్తి సూపీప్పా ఒకసారి. సూస్తాము."

"నేను ఎత్తితే నీ నడుము బాగవుతాదా?"

"అట్లని కాదు."

"అట్లయితే ఏంటికి?"

నాయన నిజమే అన్నాడు. నాకు మాత్రం నిజం అనిపించలేదు. చూపించలేనివాడి మాటలాగే అనిపించింది.

పోయే ముందు ఆయన పుస్తకం అడిగి తీసుకున్నాడు. జేబులోంచి రబ్బరు తీశాడు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ సాకు అన్నచోటల్లా తుడిచి, చాలు అని రాశాడు. అన్నీ అయ్యాక నాయన చేతికి ఇచ్చి చదవమన్నాడు. నాయన పైకి చదివాడు. ప్రతి పేజీలో అదే మాట, బళ్ళో పిల్లవాడిలాగా. ఆయప్ప ప్రతిసారీ తల ఊపాడు. ఒకచోట "అబద్ధం" అన్నదాన్ని కూడా తుడవమంటావా అని నాయన అడిగితే, అది అబద్ధమే, ఉండనీ అన్నాడు.

నాయన మళ్ళీ మొదటి వరస నుంచి, ఉత్త కడ్డీతో మొదలుపెట్టాడు. ఆయప్ప ఆదివారాలు ఫోన్ చేసేవాడు. యాడ అని అడిగేవాడు. చెప్పింది విని పెట్టేసేవాడు. ఎట్లుండావు అని అడిగినట్టు నాకు గుర్తు లేదు. చలికాలం పోయేసరికి నాయన పక్కింటి వాళ్ళ నీళ్ళ డ్రమ్ము పక్కకు జరిపాడు. గోడ మీది నుంచి తల మళ్ళీ లేచింది. ఈసారి పోలీసు మాట అనలేదు, ఆ పుస్తకం ఒకసారి ఇస్తావా అని అడిగింది. నాయన ఇవ్వలేదు. ముందు నీ నొప్పి ఎక్కడో చెప్పమన్నాడు.

షావుకారు నమ్మలేదు. మనిషిని పంపి నాయన గుంతలోకి దిగడం, లేవడం చూసి రమ్మన్నాడు. ఆ మనిషి గుమ్మంలో నిలబడి, దిగు, లేయి, మళ్ళీ దిగు అన్నాడు. నాయన చేశాడు. ఒక్క వార్పుకు, అంటే మగ్గం మీదికి ఒకసారి ఎక్కే నిలువు పోగులకు, సరిపడా పట్టు పంపారు. పూర్తి చేస్తే చూద్దామన్నారు. ఆ సంగతి ఆయప్పకు ఫోన్‌లో చెబితే, పట్టు తూకం సరిచూసుకున్నారా అని అడిగాడు. ఆయనతో నా చివరి మాట అదే. సరిచూడలేదని చెప్పాను. చూసుకోమన్నాడు.

చావు రోజున జిమ్ వాళ్ళు వెళ్ళాక నేను కాసేపు ఆగాను. ఆయన భార్య గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. ఆమెను అడగడానికి నోరు రాలేదు గానీ ఆమే చెప్పింది. నా ప్రశ్న ఆమె చెవిన పడినట్టుంది.

"పొద్దున లేస్తూనే ఆ రూములోకి పోయి గొళ్ళెం పెట్టుకుంటాండ్య," అంది. "లోపల ఏం సేస్తాండ్యో నేను అడగల్యా నాయనా. అడిగితే నన్ను అనుమానిస్తాండ్య."

తలుపు తీసే ఉంది. చూశాను. ఒక ఇనుప మంచం, కొయ్యకు తగిలించిన చొక్కాలు. కడ్డీ లేదు, ప్లేట్లు లేవు. గచ్చు మీద భుజాల వెడల్పున రెండు చోట్ల నునుపుగా అరిగి ఉంది. ఒకే చోట చాలాకాలం పాదాలు పెట్టి నిలబడితే అట్లా అరగొచ్చు. మంచాన్ని అక్కడి నుంచి ఇక్కడికి జరిపి ఉంటే, అవి దాని కాళ్ళు రుద్దిన గుర్తులూ కావచ్చు. కొలిచి చూద్దామనుకున్నాను. ఇంట్లో మనుషులు ఉన్నారు, కొలవలేదు. ఆయన ఎత్తేవాడని ఇప్పటికీ నేను నమ్మడం లేదు. ఎత్తేవాడు కాదని కూడా నమ్మడం లేదు.

నాయనకు చావు కబురు చెప్పినప్పుడు మగ్గం మీద ఉన్నాడు. చేతిలో పని ఆపి, ఎక్కడ అని అడిగాడు. గుండెలో అని చెప్పాను. మళ్ళీ పని అందుకున్నాడు. మంచి నేతగాడికి పట్టే కాలానికి రెట్టింపు పడుతుంది ఇప్పుడు నాయనకు ఒక్కో చీరకు. నడుము మధ్యలో పట్టేస్తే లేచి, గోడ దగ్గర నిలబడి, మళ్ళీ దిగుతాడు. షావుకారు మనిషి ఇప్పటికీ వారానికోసారి వచ్చి గుమ్మంలోంచి చూసి పోతున్నాడు. మగ్గం మానేయమని డాక్టరు చెప్పిన తర్వాత నాయన నేసిన చీరలు, ఈ రోజు వరకు: మూడు.